గిర్ని ఆగితే లేచే పిల్ల

మా అత్త నా బిడ్డకు ఏదో పెడుతోందన్న అనుమానం నాకు ఆ ఎండాకాలం, కారం పట్టే సీజన్ మొదట్లోనే వచ్చింది.

రాకుండా ఎట్లా ఉంటుంది? మెదక్‌లో మాది గిర్ని. ముందర పెద్ద గదిలో పిండి మర, దాని పక్కన కారం దంచే మిషన్. వెనక గదుల్లో మా కాపురం. ఏడాదంతా పిండి మర రొద ఉండేదే, అది మాకు గాలి వీచినట్టు. కారం సీజన్ అట్లా కాదు. ఉగాది ముందు నుంచే శంకరంపేట దిక్కు పల్లెల నుంచి కూడా ఆటోల్లో మిరపకాయల సంచులు దిగుతాయి. ఏడాది కారమంతా జనం అప్పుడే పట్టించుకుంటారు. ఇనుప రోకళ్లు ఒకదాని వెంట ఒకటి లేచి పడుతుంటే నేల అదురుతుంది, గోడమీద దేవుడి పటం అదురుతుంది, చెంబులో నీళ్లు కూడా వణుకుతాయి.

అంత మోతలో నా బిడ్డ అంకిత హాయిగా నిద్రపోయేది. ఏడాదిన్నర పిల్ల. గిర్నికి ఆనుకొని ఉన్న సంచుల గదిలో, దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టి మా అత్త ఐలవ్వ పండుకోబెట్టేది. గిర్నిలో పనిచేసే మనిషి సీజన్ ముందే చెప్పాపెట్టకుండా మానేశాడు కాబట్టి, కాంటా దగ్గర నేను నిలబడక తప్పలేదు. అప్పటిదాకా గల్లపెట్టె దగ్గర కూర్చునే మా అత్త చేతిలోకి పిల్ల పోయింది. కారానికి వచ్చినవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, తుమ్ముకుంటూ, తలుపు సందులోంచి ఉయ్యాలలోకి తొంగిచూసేవాళ్లు.

"గింత లొల్లిల గెట్ల పంటుందే నీ బిడ్డ? మా ఇంట్ల చెంచ కిందవడితే లేసి ఒర్రుతరు పోరగాండ్లు. నీ పుణ్యం మమతా!" అనేది శంకరంపేట కౌసల్య.

మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. తర్వాత ఒకరోజు ఆ మాటే గుండెలో ముల్లులా దిగింది. నిజమే, గింత లొల్లిలో ఏ పిల్ల పంటుంది?

ఆ రోజు మధ్యాహ్నం అన్నానికని లోపలికి వచ్చేసరికి మా అత్త సాన మీద ఏదో అరగదీస్తోంది. వేలితో తీసి పిల్ల నాలుకకు రాసింది.

"ఏందత్తా గది?" అన్నాను వెనక నుంచి.

పలకలేదు. నా వైపు వీపు పెట్టి ఇంకోసారి రాసింది. ముందుకు పోయి నిలబడేసరికి ఉలిక్కిపడి వేలు కొంగుకు తుడుచుకుంది. దొంగతనం దొరికినట్టు.

"వస. వస కొమ్ము. మాటలొస్తయని" అంది, నేను మళ్లీ అడగకముందే.

మాటలకు వస పోస్తారని నాకూ తెలుసు. నా బిడ్డకు ఇంకా ఒక్క మాటా రాలేదన్నదీ తెలుసు. అమ్మ లేదు, అత్త లేదు, తాత లేదు. నోరు తెరిస్తే ఏడుపు, మూస్తే నిద్ర. కానీ వసకు నిద్ర వస్తుందా? మా అమ్మగారి ఊళ్లో నాట్లకు పోయే ఆడవాళ్లు చంటిపిల్లల నోట్లో కల్లు చుక్క వేసి గట్టున పండుకోబెట్టడం చిన్నప్పుడు నా కళ్లతో చూశాను. ఆ రోజు నుంచి కాంటా దగ్గర సందు దొరికితే చాలు, పోయి పిల్ల నోరు వాసన చూసేదాన్ని. కల్లు వాసన రాలేదు. రాకపోతే మనసు నిమ్మళించాలి కదా, నాకు ఇంకా భయం పట్టుకుంది. వాసన లేనిదేదో పెడుతోంది.

సాన మీద మిగిలింది గోటితో గీకి, కాగితంలో చుట్టుకొని, రాహేలక్క ఇంటికి పోయాను. మా వెనక గోడకు ఆనుకొనే వాళ్ల ఇల్లు. అంగన్‌వాడీ టీచరు, పిల్లల సంగతులు తెలిసిన మనిషి. కానీ ఆమె దగ్గరికి పోవడమంటే మా ఆయనకు తెలియకుండా పోవడమే. పోయినేడు మా గిర్ని చప్పుడు మీద మున్సిపాలిటీకి కంప్లైంట్ ఇచ్చింది ఆమె భర్త యాకోబే.

రాహేలక్క కాగితం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిది వసనే మమతా. నువ్వు ఊకె ముసలామె మీద వడకు. పిల్ల ఎప్పుడు పంటది, ఎప్పుడు లేస్తది? జర చూసినవా?"

"మిషన్ వెయ్యంగనే పంటదక్కా."

"పిలిస్తే తిరుగుతదా?"

"తిరుగుతది" అన్నాను వెంటనే. మళ్లీ నాకే నమ్మకం చాలక, "ఎదురుంగ ఉంటే" అన్నాను.

ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. ఇంకేమీ అనకపోవడమే నన్ను చంపింది. గోడ ఇవతలికి వచ్చేదాకా ఒక్కటే ఆలోచన. మందు పెడితే మాన్పించొచ్చు. చెవులే లేకపోతే?

ఇక కాపలా మొదలుపెట్టాను. ఒకనాడు మా ఆయనకు తలనొప్పని చెప్పి, సంచుల గదిలో మిరపకాయల మూటల వెనక కూర్చున్నాను. మా అత్త ఉయ్యాల పక్కన, గోడ వైపు తిరిగి, చింతపండు ఒలుస్తోంది. పిల్ల నిద్రలో ఉంది. అవతల రోకళ్లు దంచుతున్నాయి.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. రోకళ్లు ఆగిపోయాయి. చెవుల్లో గుయ్యిమని మిగిలింది, అది తగ్గాక ఎక్కడో ఆటో పోతున్నట్టు, ఎవరో కోడిని అదిలిస్తున్నట్టు, దూరంగా చర్చి గంట. మా ఇంట్లో ఇవన్నీ కరెంటు పోతేనే వినబడతాయి.

ఉయ్యాలలో పిల్ల టక్కున కళ్లు తెరిచింది.

నాకు ప్రాణం లేచివచ్చింది. మత్తుమందు తాగిన పిల్ల అట్లా లేస్తుందా? పైగా చప్పుడు ఆగిందని తెలిసిందంటే చెవులున్నట్టేగా! ఆ సంతోషంలో మూటల వెనక నుంచే పిలిచాను.

"అంకీ!"

తిరగలేదు. దూలం వైపు చూస్తోంది.

"అత్తా!"

ఆమే తిరగలేదు. చింతగింజ తీసి పక్కన పడేసింది. ఒకరు పడుకొని, ఒకరు కూర్చొని, ఇద్దరూ కలిసి నా మీద కట్టుకట్టినట్టు ఉంది.

లేచి ఉయ్యాల దగ్గరికి పోయేలోపు కరెంటు వచ్చింది. రోకళ్లు మొదలయ్యాయి. పిల్ల కళ్లు మళ్లీ వాలిపోయాయి. ఉయ్యాల ఆపుదామని చీర మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి తీయలేకపోయాను. చీర సన్నగా, ఆగకుండా వణుకుతోంది. గోడ నుంచి దూలానికి, దూలం నుంచి చీరకు, చీర నుంచి పిల్ల వీపుకు. నా బిడ్డకు తెలిసింది చప్పుడు కాదు, ఆ వణుకు.

సాయంత్రం మిషన్ బంద్ చేశాక, పిల్లకు వినబడడం లేదని మా ఆయన స్వామికి చెప్పాను. ఆయన ఒళ్లంతా కారం, కనుబొమ్మలు కూడా ఎర్రగా ఉన్నాయి.

"ఎవరు నేర్పిండ్రు నీకు గీ మాటలు?" అని గట్టిగా అన్నాడు. ఆయన మాటే గట్టి.

"ఎవరు నేర్పుతరు? నేనే చూసిన."

"రాహేలు టీచర్ ఇంటికి పోయినవంట. కౌసల్య చూసింది. గిర్ని మూపియ్యాలని వాళ్లు ఎప్పటిసంది చూస్తుండ్రు. మున్సిపాలిటోల్లతోటి కాలే, ఇగ నీతోటి మొదలువెట్టిండ్రు. నా బిడ్డకు చెవులు లెవ్వా? ఇగో, చూడు."

పాల గ్లాసు చూపించాడు. అంకిత ఐదు వేళ్లూ దగ్గరికి చేర్చి, కిందికి దులిపినట్టు ఆడించింది. మా గిర్నిలో "ఇంకా పొయ్యి" అన్న సైగ. ఆ మోతలో నోటితో పని నడవదు. సన్నగా కావాలంటే బొటనవేలు చూపుడువేలు రాస్తాం, దొడ్డుగా అంటే అరచెయ్యి తెరుస్తాం, చాలు అంటే పిడికిలి. మొగుడూ పెళ్లాలం పొద్దంతా ఒక్క మాట లేకుండా కాపురం చేస్తాం అక్కడ.

"గిర్నోల్ల బిడ్డ!" అని మా ఆయన మురిసిపోయాడు. "గింత తెలివిగల్ల పిల్లకు చెవులు లేవంటవా?"

తెలివి ఉంది కాబట్టే నాకు భయం. వినబడే పిల్లకు సైగలెందుకు?

మర్నాడు ఆయనతో పోట్లాడి పిల్లను దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు సారు పిల్ల వెనక చిటికెలు వేసి, చిన్న గంట మోగించి, ఒకసారి తిరిగింది, ఒకసారి తిరగలేదని, హైదరాబాద్ పెద్ద దవాఖానకు చీటీ రాశాడు.

"కమీషన్లుంటయి వాళ్లకు" అన్నాడు మా ఆయన. నిజం చెప్పాలంటే నాకూ అట్లానే అనిపించింది. కానీ కమీషన్ ఎవరో తింటే తింటారు, నా బిడ్డకు చెవులున్నాయని చెబితే చాలు.

బస్సుకు బయలుదేరుతుంటే మా అత్త చీర మార్చుకొని వచ్చి నిలబడింది. "నేనొస్త." ఎందుకంటే చెప్పదు. డాక్టరుకు నేనేం చెబుతానో, తన మీద ఏం నింద వేస్తానోనని కాపలా వస్తోందనుకున్నాను. బస్సులో మా ఇద్దరి మధ్య పిల్ల. తూప్రాన్ దాటేదాకా నేను కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను.

పరీక్ష చేసే గది తలుపులు మందంగా ఉన్నాయి. వేస్తే బయట చప్పుడు చీమంత కూడా లోపలికి రాదు. తలకు వైర్లు అంటించి పిల్ల నిద్రలో ఉండగా చేయాలట. అక్కడి అమ్మాయి చిన్న గ్లాసులో సిరప్ పోసి తెచ్చింది.

"ఏం మందు?" అన్నాను.

"నిద్ర మందమ్మా. ఏం గాదు."

నా చెయ్యి దానంతటదే గ్లాసును నెట్టేసింది. ఏం జరగకూడదని నెల రోజులు మా అత్త మీద కాపలా కాశానో అది నా చేత్తో నేనే పోయాలా?

"వద్దు. అదే పంటది."

పండలేదు. ఆ గదిలో అడుగుపెట్టగానే పిల్ల బెదిరిపోయింది. పుట్టిన దగ్గరి నుంచి అంత నిశ్శబ్దం చూసిన పిల్ల కాదు. నా మెడను గీరుతూ ఏడ్చింది. జోకొట్టాను, భుజాన వేసుకొని తిరిగాను. అమ్మాయి రెండుసార్లు వాచీ చూసుకుంది. "మందు తాపుండ్రి, లేకుంటే రేపు రండ్రి. బయట లైన్ చూసిండ్రుగా."

అప్పుడు మా అత్త వచ్చి నా చేతుల్లోంచి పిల్లను లాక్కున్నట్టే తీసుకుంది. నేల మీద కూర్చొని కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుంది. మోకాళ్లు ఎత్తి దించడం మొదలుపెట్టింది. ఒకటి, దాని వెంటనే ఇంకొకటి, కొంచెం ఆగి మళ్లీ. మా కారం మిషన్ రోకళ్ల వరసే అది. ఎక్కడ ఆగుతాయో అక్కడే ఆగుతోంది, ఎక్కడ గట్టిగా పడతాయో అక్కడ మడమ నేలకు కొడుతోంది.

అంకిత ఏడుపు సగంలో ఆపింది. కాసేపటికి నోరు తెరుచుకొని నిద్రపోయింది.

"గిదేం జోలపాట అవ్వా?" అని అమ్మాయి నవ్వింది. మా అత్త కూడా నవ్వింది. అడిగినదానికి జవాబు మాత్రం చెప్పలేదు.

పిల్లను బల్ల మీదికి మార్చి వైర్లు అంటించారు. పరీక్ష అయిపోవస్తుండగా డాక్టరమ్మ వచ్చింది. "అవ్వా, మీరు బయట కూసోండ్రి" అంది. మా అత్త కదలలేదు. మళ్లీ అంది. కదలలేదు. డాక్టరమ్మ నా వైపు చూసింది, నేను తల దించుకున్నాను. ఇంట్లో నాతో చేసే మొండితనం ఇక్కడ కూడా చేస్తోందని సిగ్గేసింది. డాక్టరమ్మకు మాత్రం అట్లా అనిపించలేదు. మా అత్త వెనక నుంచి పోయి గట్టిగా చప్పట్లు కొట్టింది. మా అత్త తిరగలేదు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకొని పక్కనున్న అద్దాల గదిలోకి తీసుకుపోయి, చెవులకు పెద్ద డిప్పలు తగిలించింది. చప్పుడు వినబడితే చెయ్యెత్తమని సైగ చేసి చూపించారు.

అద్దంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. అమ్మాయి మీటలు తిప్పుతోంది. మా అత్త చెయ్యి ఒళ్లో ఉంది. ఇంకా తిప్పింది. ఒళ్లోనే ఉంది. తర్వాత మా అత్త ఆ అమ్మాయి ముఖం వైపు పరీక్షగా చూసి, చెయ్యెత్తింది. అప్పుడు చప్పుడేమీ లేదట. ముఖం చూసి అంచనా వేసి ఎత్తింది.

అంతా అయ్యాక డాక్టరమ్మ ముందు కూర్చున్నాం.

"పాపకు వినవడుతుందమ్మా."

నేను నమ్మలేదు. "మరి పిలిస్తే తిరగదు కదా మేడం? వస నాకిచ్చినా మాట రాదు కదా?"

"మీ ఇంట్ల మాటలు ఎప్పుడు మాట్లాడుకుంటరు?"

పొద్దున లేస్తే గిర్ని. సాయంత్రం బంద్ అయ్యాక అందరికీ చెవుల్లో గుయ్యిమంటూ ఉంటుంది, తిని ముడుచుకుంటాం. అంకిత అప్పుడే నిద్రలేచి, మా అత్త పెట్టిన బిస్కెట్టు కోసం డాక్టరమ్మ వైపు ఐదు వేళ్లు కిందికి దులుపుతోంది. ఇంకా పొయ్యి.

"గదేంది?" అంది డాక్టరమ్మ. చెప్పాను. ఆమె పిల్ల వేళ్లను తన చేతిలోకి తీసుకుంది.

"మీరు మాట్లాడేదే నేర్చుకున్నది. మీ నోటి మాట గా చప్పుడు దాటి పిల్ల దాక వస్తలేదు. పిలుపు ఏదో, మోత ఏదో ఎట్ల తెలుస్తది? పాపను ఆడికెళ్లి తీసెయ్యండ్రి. దూరం పెట్టి, నిమ్మళంగ మాట్లాడుండ్రి. వస గిస నాకియ్యకుండ్రి. ఇప్పటికైతే చెవులు మంచిగనే ఉన్నయి. ఆరునెల్లకు మల్ల చూద్దాం."

ఇప్పటికైతే. ఆ మాటను నేను ఇప్పటికీ వదలలేదు.

"మరి మా అత్త?"

"ఆమె చెవులు గా మోతకే పోయినయి, తిరిగి రావు. ఒక్కరోజుల పోవు, నొయ్యదు, నెత్తురు రాదు. అందుకే ఎవ్వరికి తెల్వదు. ఆమెకు చెవి మిషన్ పెట్టొచ్చు. మీ ఆయనను కూడా తోల్కరండ్రి."

తిరుగు బస్సులో మా అత్త నా మోచేతిని పొడిచింది. "ఏమన్నది డాక్టరమ్మ?"

ఆమె చెవిలో నోరు పెట్టి పిల్ల సంగతి చెప్పాను, ఆమె సంగతీ చెప్పాను. పిల్ల సంగతికి రెండు చేతులెత్తి దండం పెట్టింది. తన సంగతికి విసుక్కుంది.

"నాకెరుక తియ్. ఎన్నేండ్లసంది ఎరుక."

"మరి చెప్పొద్దా?"

"చెప్తే గల్ల కాడ కూసోనిస్తరా? మూలకు వెట్టి బువ్వ వెడ్తరు."

"నేను పిలిస్తే పలుకకపోతే, కావాలనే చేస్తున్నవనుకున్న అత్తా."

"నేనైతే నువ్వే మాట్లాడుడు బంద్ చేసినవనుకున్న" అంది. "ఏందో పెదవులు కదిలిస్తవ్. నన్నే లోపల్లోపల తిడ్తున్నవని."

బస్సులో అందరికీ వినబడేట్టు అంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు కూడా.

రాహేలక్క ఇంట్లో వీధి వైపు ఒక గది ఖాళీగా ఉంది, మా గోడకు దూరం. అందులోకి నేనూ పిల్లా మారతామంటే మా ఆయన నవ్వాడు. "చూసినవా? గిదీ కథ! రూం కిరాయికి ఇస్తానికే గీ నాటకమంత." అని, ఉయ్యాల తనే విప్పి భుజాన వేసుకొని తెచ్చాడు. హైదరాబాద్ పోయి తానూ పరీక్ష చేయించుకొని వచ్చాడు. ఏం చెప్పారో నాకు పూర్తిగా చెప్పలేదు, ఇప్పటికీ నాకు ఆ అనుమానం ఉంది. కానీ ఆ వారం నుంచి చెవులకు డిప్పలు పెట్టుకొని మిషన్ దగ్గర నిలబడ్డాడు.

"ఏంది స్వామీ, ఇమానం నడుపుతున్నవా?" అని కౌసల్య ఎగతాళి చేస్తే, వినబడనట్టు పిడికిలి చూపించాడు. చాలు.

కొత్త గదిలో పిల్ల నిద్రపోవడానికి నానా తిప్పలు పడింది. నా తిప్పలు వేరు. నిమ్మళంగా మాట్లాడమని డాక్టరమ్మ చెప్పింది కదా, పొద్దున్నే కూర్చోబెట్టుకొని మొదలుపెట్టాను. ఇగో కాకి, ఇగో చెంబు, నీ పేరు అంకిత. కాసేపటికి రాహేలక్క తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరితోటి కొట్లాడుతున్నవ్ మమతా?"

"పిల్లతోటి ముచ్చట వెడుతున్నక్కా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నాకు అప్పుడు తెలిసింది, నాకు మెల్లగా మాట్లాడడమే రాదని. ఆ నెలంతా నేను గొంతు దించడం నేర్చుకున్నాను. పిల్ల నా నోరు చూస్తూ కూర్చునేది. ఏమీ అనేది కాదు. రాహేలక్క ఓపిక పట్టమనేది. డాక్టరమ్మ అబద్ధం చెప్పిందేమో, నాకు ధైర్యం కోసం చెప్పిందేమో అనిపించేది నాకు.

మృగశిర కార్తె వచ్చింది, మొదటి వాన పడింది. కారం సంచులు తగ్గాయి. మా అత్త సాయంత్రాలు మా గదికి వచ్చేది. ఆ రోజు గడప మీద కూర్చొని, వీధి వైపు ముఖం పెట్టి, చాటలో బియ్యం ఏరుతోంది. చెవి మిషన్ వద్దంటే వద్దంది, అది వేరే లొల్లి. అంకిత నా పక్కన నిలబడి మా అత్త వీపు వైపు చూస్తోంది.

"అవ్వ" అంది.

నేను విననట్టే ఉండిపోయాను. ఊరికే గాలి వదిలిందేమో. ఏదో నోట్లో ఆడిందేమో.

"అవ్వా."

మా అత్త రాయి ఏరి బయటికి విసిరింది. పిల్ల అట్లాగే నిలబడి ఉంది, పిలిస్తే తిరగాలి కదా అన్నట్టు.

లేచిపోయి మా అత్త భుజం పట్టుకొని ఊపాను. చాట ఒరిగి బియ్యం జారాయి.

"పిలిచిందత్తా! నిన్నే పిలిచింది!"

"ఎవరు?"

"అంకి! అవ్వా అన్నది, రెండుసార్లు!"

ఆమె నా ముఖం చాలాసేపు చూసింది.

"ఊకె చెప్తున్నవ్. ముసల్దాన్ని కుష్ చేస్తానికి."

"నీ తోడు అత్తా."

"అమ్మా అననిది అవ్వా అంటదా? నువ్వు గట్లనే అంటవ్. ఇన్నొద్దులు నా మీద ఏమేమో అనుకున్నవ్ గద, ఇప్పుడు గిదొకటి."

ఆమె చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకొని, లోపలికి జరిగి పిల్ల ఎదురుగా కూర్చుంది. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర. కళ్లు పిల్ల నోటి మీద పెట్టింది. అంకిత బెదిరి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుంది. మా అత్త ఆ వేళ్లను మెల్లగా తీసి పట్టుకుంది.

"అను. మీయమ్మ నిజం చెప్తుందో, ఝూటా చెప్తుందో చూస్త."

నేను తలుపు పక్కన నిలబడ్డాను. పెదవి కదిపితే నేను నేర్పించాననుకుంటుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పిల్ల నన్ను చూసింది, ఆమెను చూసింది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. పిల్ల అటు తిరిగి చూసి, మళ్లీ ఇటు తిరిగి, నోరు తెరిచింది.

నాకు వినబడింది. మా అత్త కళ్లతో చూసింది. ఔనా కాదా అని ఈసారి నా ముఖం వైపు తిరగలేదు.

"ఈడనే ఉన్న బిడ్డా" అంది పిల్లతో. "గింత మెల్లగ పిలిస్తే ఎట్లనే? మల్లొకసారి పిలువు."